నాలుగు వైపులూ కరెక్టే, మరి ప్లాట్ కరెక్టేనా? కర్ణం కొలిచి చూద్దాం

ఈరోజు ఎపిసోడ్‌కి మీకు ఒక అగ్గిపెట్టె కావాలి. పుల్లలు వద్దు, లోపలి డబ్బా కూడా వద్దు. పైన తొడుగు ఉంటుంది కదా, రెండు చివర్లా ఖాళీగా ఉండేది, అదొక్కటి చాలు. దొరక్కపోతే పర్లేదు, నా చేతిలో ఒకటి ఉంది, చూడండి.

ఖాళీగా ఉన్న చివర నుంచి చూస్తే ఇదొక దీర్ఘచతురస్రం. ఇప్పుడు ఒక మూల మీద వేలు పెట్టి మెల్లగా నొక్కుతున్నాను. పక్కకి వాలింది. ఇంకాస్త నొక్కితే పూర్తిగా పడుకుంది. నాలుగు అంచుల్లో ఒక్కదాని పొడవైనా మారిందా? లేదు. అట్ట సాగలేదు, కుంచించుకుపోలేదు. కానీ లోపల ఉండాల్సిన ఖాళీ మొత్తం పోయింది. వైపులు అవే, వైశాల్యం మాత్రం సున్నా.

ఇప్పుడు ఈ తొడుగు ప్లేస్‌లో ఒక ప్లాట్ ఊహించుకోండి. 30 బై 40. అంటే 1200 స్క్వేర్ ఫీట్, గజాల్లో 133 చిల్లర. మనవాళ్ళు సైట్‌కి వెళ్తారు, టేపు లాగుతారు. ముందు 40, వెనక 40, ఎడమ 30, కుడి 30. "అంతా కరెక్టే, అడ్వాన్స్ ఇచ్చేద్దాం" అంటారు. అగ్గిపెట్టె ఏం చెప్పిందో గుర్తుందా? నాలుగు వైపులూ కరెక్ట్ అయినంత మాత్రాన ప్లాట్ 1200 అవ్వాలని రూల్ ఏం లేదు. మూలలు వంగి ఉంటే తగ్గుతుంది. ఎంత తగ్గిందో నాలుగు వైపుల కొలతల్లో ఎక్కడా కనపడదు.

కనపడేది అయిదో కొలతలో. ఒక మూల నుంచి ఎదురు మూలకి అడ్డంగా పట్టే టేపులో. సైట్ మీద కొందరు దాన్ని "క్రాస్ కొలత" అంటారు. బడిలో మనం చదివింది కర్ణం.

ఇక్కడ మన తెలుగు గురించి ఒక చిన్న మాట. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్ళకి రెండు వేర్వేరు పదాలు వచ్చి ఉంటాయి. లంబకోణ త్రిభుజంలో పెద్ద వైపుని హైపోటెన్యూస్ అంటారు, దీర్ఘచతురస్రంలో అడ్డగీతని డయాగనల్ అంటారు. అవేవో రెండు చాప్టర్లు అన్నట్టు ఉంటుంది. తెలుగు మీడియం పుస్తకంలో రెండింటికీ ఒకటే పేరు, కర్ణం. నాకైతే తెలుగు పద్ధతే బాగుంది. ఎందుకంటే దీర్ఘచతురస్రాన్ని అడ్డగీత మీద కోస్తే వచ్చేవి రెండు లంబకోణ త్రిభుజాలే. అది డయాగనల్, ఇది హైపోటెన్యూస్ అని విడదీయడానికి అక్కడ ఏమీ లేదు, ఉన్నది ఒకటే గీత. అన్నట్టు, కర్ణం వేరు, కరణం వేరు. మా తాతయ్య వాళ్ళ కాలంలో ఊళ్ళో భూముల లెక్కలు రాసేవారిని కరణం అనేవారు, ఆ ఉద్యోగాలు 1984లో పోయాయి. ఈ కర్ణం మాత్రం ఎక్కడికీ పోలేదు.

సరే, లెక్కకి వద్దాం. లంబకోణం అంటే 90 డిగ్రీల మూల. ఆ మూలని తాకే రెండు వైపులు మనకి తెలుసు, 30, 40. మూడోది కావాలి. 30ని 30తో గుణిస్తే 900. 40ని 40తో గుణిస్తే 1600. కలిపితే 2500. ఏ అంకెని దానితోనే గుణిస్తే 2500 వస్తుంది? 50. అంటే మూల కరెక్ట్‌గా ఉంటే టేపు 50 అడుగులు చూపించాలి. అంతే ఫార్ములా: రెండు వైపుల వర్గాలు కలుపు, వర్గమూలం తియ్యి. వర్గాలు కలపకుండా నేరుగా 30, 40 కలిపేసి 70 అనేవాళ్ళు కూడా ఉంటారు. అది ముందు ఒక గట్టు, తర్వాత ఇంకో గట్టు మీద నడిచి వెళ్ళే దూరం. అడ్డంగా వెళ్ళే దూరం ఎప్పుడూ దానికన్నా తక్కువే, కానీ రెండిట్లో ఏ ఒక్క గట్టు కన్నా ఎక్కువ. మీ ఆన్సర్ 40కి, 70కి మధ్యలో లేదంటే ఎక్కడో లెక్క తప్పిందని వెంటనే తెలిసిపోతుంది.

ఎందుకు పనిచేస్తుంది ఇది? బట్టీ పట్టకుండా ఒక్క నిమిషంలో చూద్దాం. స్క్రీన్ మీద 7 అడుగుల చదరం గీశాను. దాని వైశాల్యం 49. ప్రతి వైపునా మూల నుంచి 3 అడుగుల దగ్గర ఒక చుక్క పెట్టాను, నాలుగు మూలల నుంచీ ఒకే దిశలో తిరుగుతూ. అంటే ప్రతి వైపూ 3గా, 4గా విడిపోయింది. ఇప్పుడు చుక్కలన్నీ కలిపితే మూలల్లో నాలుగు త్రిభుజాలు వచ్చాయి. ఒక్కోదానికి 3, 4 వైపులు, మధ్యలో 90 డిగ్రీలు. ఒక్కోదాని వైశాల్యం 3 ఇంటూ 4లో సగం, 6. నాలుగు కలిపితే 24. 49లో 24 తీసేస్తే మధ్యలో వంకరగా తిరిగి ఉన్న చదరానికి 25 మిగిలింది. 25 వైశాల్యం ఉన్న చదరం వైపు ఎంత? 5. ఆ వైపే మన త్రిభుజానికి కర్ణం. 3, 4 బదులు మీకు ఇష్టమైన ఏ రెండు అంకెలైనా పెట్టి ఇదే బొమ్మ గీయండి, ప్రతిసారీ పనిచేస్తుంది.

పైథాగరస్ పేరు అందరికీ తెలుసు, క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దపు గ్రీకు. కానీ ఈ విషయం ఆయనకన్నా చాలా ముందు నుంచే నేల కొలిచేవాళ్ళకి తెలుసు. 1894లో ఇప్పటి ఇరాక్‌లోని సిప్పర్ దగ్గర ఒక మట్టి పలక దొరికింది. ఎస్ఐ 427 అని నంబరు, ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. సుమారు 3700 ఏళ్ళ కిందటిది. న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో పనిచేసే డేనియల్ మాన్స్‌ఫీల్డ్ 2021లో దాని గురించి పేపర్ రాశారు. అందులో ఉన్నది ఒక పొలం సర్వే ప్లాన్, కొంత భూమి అమ్మినప్పుడు గీసింది. హద్దులు సరిగ్గా 90 డిగ్రీల్లో రావడానికి ఇలాంటి త్రిభుజాలే వాడారని ఆయన చూపించారు. అంటే భూమి అమ్మకం, మూలల గొడవ, కర్ణం, ఈ మూడూ అప్పటి నుంచే కలిసి ఉన్నాయి.

మన దగ్గర బౌధాయన శుల్బసూత్రం ఉంది. శుల్బం అంటే తాడు. యజ్ఞవేదికలు ఎలా కొలిచి కట్టాలో చెప్పే పుస్తకం అది. దీర్ఘచతురస్రం కర్ణం మీద తాడు లాగి, దానితో చదరం చేస్తే, దాని వైశాల్యం పొడవు మీద, వెడల్పు మీద చేసిన రెండు చదరాల మొత్తం అవుతుందని అందులో స్పష్టంగా ఉంది. 3-4-5, 5-12-13, 8-15-17 లాంటి కొలతలు కూడా ఉన్నాయి. "అన్నీ మనవాళ్ళే కనిపెట్టారు" అనే టైప్ వీడియో కాదు ఇది. నాకు నచ్చిందల్లా ఆ తాడు. ఇవాళ్టికీ మేస్త్రి చేతిలో ఉండేది అదే.

ఇంటికి ముగ్గు పోసేటప్పుడు ఎప్పుడైనా దగ్గరుండి చూశారా? చూడకపోతే ఒకసారి చూడండి. మేస్త్రి ముందు ఒక వైపు దారం కడతాడు. మూల దగ్గర మేకు. ఆ మేకు నుంచి దారం మీద 4 అడుగుల దగ్గర గుర్తు పెడతాడు. రెండో దారం ఉజ్జాయింపుగా కట్టి దాని మీద 3 అడుగుల దగ్గర గుర్తు. ఇప్పుడు రెండు గుర్తుల మధ్య టేపు పెడతాడు. 5 అడుగులు వచ్చేదాకా రెండో దారాన్ని అటూ ఇటూ జరుపుతాడు. 5 వచ్చిందంటే మూల కుదిరినట్టే. ఎందుకు కుదిరినట్టే అంటే, మూడు వైపుల పొడవులు ఫిక్స్ అయితే త్రిభుజం ఆకారం ఇక మారదు. అగ్గిపెట్టెలాగా వాలడానికి దానికి వీల్లేదు. 3, 4, 5తో కట్టగలిగే త్రిభుజం ఒక్కటే, అందులో ఒక మూల 90.

మూలమట్టం ఉంది కదా, ఎల్ ఆకారంలో ఇనుప పట్టీ, అది పెడితే సరిపోదా అంటే, గోడ ఇటుకల దగ్గర సరిపోతుంది. ప్లాట్ అంత దూరానికి సరిపోదు. అసలు 3-4-5 కూడా చిన్నది పెట్టి వదిలేస్తే డేంజరే. చూడండి, టేపు పట్టడంలో అర అంగుళం అటూ ఇటూ అవ్వడం మామూలే. 3-4-5 అడుగుల త్రిభుజంలో 5 దగ్గర అర అంగుళం తేడా వస్తే, అదే దారాన్ని 40 అడుగులు సాగదీసేసరికి చివర సుమారు 8 అంగుళాలు పక్కకి పోతుంది. అదే అర అంగుళం తేడా 30-40-50 త్రిభుజంలో వస్తే, 40 అడుగుల చివర అంగుళం కూడా పోదు. పది రెట్లు పెద్ద త్రిభుజం, పదో వంతు తప్పు. అందుకే మంచి మేస్త్రులు మొదట 3-4-5తో మూల తెచ్చుకుని, ఆఖర్న ప్లాట్ మొత్తానికి రెండు కర్ణాలూ లాగి చూస్తారు. వడ్రంగి గుమ్మం బిగించేటప్పుడు ఒక మూల నుంచి ఇంకో మూలకి, మళ్ళీ మిగతా రెండు మూలలకి టేపు పెట్టి చూసేది కూడా ఇందుకే.

ఇప్పుడు డబ్బుల విషయం. మన 30 బై 40 ప్లాట్‌లో క్రాస్ కొలిస్తే 50కి బదులు 55 వచ్చిందనుకోండి. 5 అడుగులు ఎక్కువ వచ్చింది కదా, ప్లాట్ పెద్దదేమో అని సంబరపడొద్దు. ఒక కర్ణం పెరిగితే రెండోది తగ్గుతుంది. ఎదురెదురు వైపులు సమానంగా ఉన్నప్పుడు రెండు కర్ణాల వర్గాల మొత్తం మారదు, ఈ ప్లాట్‌కి అది 5000. 55 వర్గం 3025, మిగిలింది 1975, దాని వర్గమూలం 44 చిల్లర. అంటే ఒక వైపు 55, ఇంకో వైపు 44న్నర దగ్గర. ఖాళీ స్థలంలో, ముళ్ళకంప మధ్యలో నిలబడి చూస్తే ఈ వంపు కంటికి అంత తేలిగ్గా దొరకదు. మూల 90కి బదులు 77 డిగ్రీలు ఉంటుంది.

ఎంత పోయిందో లెక్కేద్దాం. 3025లోంచి 2500 తీసేయండి, 525. దాన్ని 40కి రెట్టింపు, అంటే 80తో భాగించండి. 6.56 అడుగులు. వెనక గట్టు ముందు గట్టుకి ఎదురుగా లేకుండా ఆరున్నర అడుగులు పక్కకి జరిగి ఉందన్నమాట. ఇప్పుడు సరదా ఏంటంటే, మీ 30 అడుగుల పక్క వైపే ఒక కర్ణం అయిపోయింది. కింద 6.56, నిలువుగా అసలు లోతు, ఏటవాలుగా 30. కాబట్టి 900లోంచి 6.56 వర్గం, 43 తీసేయాలి. 857. వర్గమూలం 29.27. ఇదే మీ ప్లాట్ అసలు లోతు. 40తో గుణిస్తే 1171 స్క్వేర్ ఫీట్. 29 స్క్వేర్ ఫీట్ లేదు. గజాల్లో 3.2. గజం 20,000 అనుకుంటే 64,000 రూపాయలు, లేని నేలకి కట్టినట్టు.

కానీ నన్నడిగితే అసలు నష్టం అది కాదు. రోడ్డుకి తిన్నగా, మూలలన్నీ 90లో ఉండేలా ఇల్లు కట్టాలనుకున్నారు. ముందు నుంచి వెనక దాకా లోతు మొత్తం వాడుకునే పెట్టె లాంటి ఆకారం ఈ ప్లాట్‌లో ఎంత పడుతుంది? 40 అడుగుల వెడల్పులో 6.56 పోతే 33.4. లోతు 29.27. వదలాల్సిన ఖాళీలు ఇంకా వదలకముందే 980 స్క్వేర్ ఫీట్ కూడా రాదు. 1200 అనుకున్న చోట. మిగతాదంతా రెండు పక్కలా రెండు త్రిభుజాల్లో ఇరుక్కుపోతుంది, అక్కడ మొక్కలు పెట్టుకోవడమే. పోనీ గోడలే వంకరగా కడదామంటే ప్రతి గదిలో టైల్స్ మూల దగ్గర ఏటవాలుగా కోసుకుంటూ రావాలి, బీరువా గోడకి ఆనదు. మా బంధువుల్లో ఒకరి ఇంట్లో హాల్ అలాగే ఉంది, టైల్ గీత గోడ పొడుగునా సన్నబడుతూ వెళ్ళి సోఫా వెనక మాయమైపోతుంది. మా అత్తయ్య ఆ సోఫా ఎప్పుడూ జరపనివ్వదు.

కొన్ని జాగ్రత్తలు. రెండు కర్ణాలూ సమానంగా వచ్చాయని మాత్రం చూసి వదిలేయకండి. ముందు 44, వెనక 36, పక్కలు రెండూ సమానం ఉన్న ప్లాట్‌కి కూడా కర్ణాలు సమానంగానే వస్తాయి. ఎదురెదురు వైపులు సమానమా, రెండు కర్ణాలూ సమానమా, రెండూ చూడాలి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే టేపుని నేల మీద పరవకుండా బిగించి మట్టంగా పట్టాలి. వాలు వెంబడి కొలిస్తే మీరు కొలుస్తున్నది మళ్ళీ ఇంకో కర్ణం, అది ఎప్పుడూ అసలు దూరం కన్నా ఎక్కువే చూపిస్తుంది. ఇక అసలు దీర్ఘచతురస్రమే కాని ప్లాట్లు, మూల మలుపు ప్లాట్లు ఉంటాయి. వాటికి నాలుగు వైపులు ఇచ్చి "ఇన్ని గజాలు" అంటే ఆ లెక్క ఎలా వచ్చిందో అడగండి. నాలుగు వైపుల నుంచి వైశాల్యం రాదు, అగ్గిపెట్టె చూశాం కదా. ఒక కర్ణం కూడా ఇస్తేనే రెండు త్రిభుజాలు అవుతాయి, లెక్క తేలుతుంది. ఈ టేపు పరీక్షలో తేడా వస్తే గొడవ పెట్టుకోకండి, లైసెన్స్ ఉన్న సర్వేయర్‌ని పిలవండి. హద్దురాళ్ళు ఎక్కడ ఉండాలో చెప్పేది ఆయన. మన పని అడ్వాన్స్ ఇవ్వకముందు ఆయన్ని పిలవాలో వద్దో తెలుసుకోవడం.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పటి ఒక ముక్క చెప్పేస్తాను. ఫొటోని రెండు వేళ్ళతో జూమ్ చేస్తారు కదా. రెండు వేళ్ళు అడ్డంగా ఎన్ని పిక్సెల్స్ దూరం, నిలువుగా ఎన్ని పిక్సెల్స్ దూరం అన్నది ఫోన్‌కి తెలుసు. వేళ్ళ మధ్య నేరు దూరం మాత్రం కర్ణం కట్టుకోవాల్సిందే. అది పెరుగుతుంటే ఫొటో పెద్దది చేస్తుంది. గేముల్లో అయితే ఇంకో చిట్కా ఉంటుంది: ఇద్దరు శత్రువుల్లో ఎవరు దగ్గర అని తెలియాలంటే వర్గమూలం దాకా వెళ్ళక్కర్లేదు, వర్గాల మొత్తాలు పోల్చి వదిలేస్తారు. మీ చేతిలో ఫోన్ సైజు 6.7 అంగుళాలు అంటారే, అదీ కర్ణమే. వెడల్పు మూడు అంగుళాలు కూడా ఉండదు.

30 బై 40కి 50 అని తేలిగ్గా వచ్చింది. అన్నిటికీ అలా రాదు. 30 బై 50 తీసుకోండి. 900, 2500, మొత్తం 3400. 58 వర్గం 3364, 59 వర్గం 3481. మధ్యలో ఉంది. 3400కి 3364కి తేడా 36. దాన్ని 58కి రెట్టింపు 116తో భాగిస్తే 0.31. ఆన్సర్ 58.31, సైట్ మీద ఈ మాత్రం చాలు. కాలిక్యులేటర్ ఉంటే ఇంకా సులువు, చాలా ఫోన్లలో అడ్డంగా తిప్పితే వర్గమూలం బటన్ వస్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, 0.31 అడుగులు అంటే 31 అంగుళాలూ కాదు, 3.1 అంగుళాలూ కాదు. 12తో గుణించాలి, 3.7 అంగుళాలు. టేపు మీద 58 అడుగుల 4 అంగుళాల గీతకి కాస్త ఇవతల.

మామూలుగా కనిపించే సైజులకి కర్ణాలు చెప్తున్నాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి. 25 బై 40కి 47 అడుగుల 2 అంగుళాలు. 30 బై 45కి 54 అడుగుల 1 అంగుళం. 30 బై 50కి ఇప్పుడు చేశాం. 36 బై 50కి 61 అడుగుల 7 అంగుళాలు చిల్లర. 40 బై 60కి 72 అడుగుల 1 అంగుళం చిల్లర. సైట్‌కి వెళ్ళేటప్పుడు 50 అడుగుల టేపు కాదు, 100 అడుగుల టేపు తీసుకెళ్ళండి, రెండో చివర పట్టుకోవడానికి ఒక మనిషిని కూడా. వచ్చే ఎపిసోడ్‌లో నాలుగు వైపులతో పాటు ఒక కర్ణం కూడా తెలిసినప్పుడు వైశాల్యం ఎలా కట్టాలో, ఆ మూల మలుపు ప్లాట్ల సంగతి చూద్దాం. ఉంటాను మరి.